మైనం దారం

బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ వైరింగు నా పని. 30 ఏళ్లుగా ఇదే అన్నం పెడుతోంది. వైరు తెగితే ఎవరైనా రెండు కొసలూ పురి తిప్పి నల్ల టేపు చుట్టేస్తారు. నేను అలా వదలను. పురి మీద టంకం పెడతాను. టేపు చుట్టి, ఆ పైన మైనం పట్టించిన తెల్లదారం మూడు చుట్లు తిప్పి పక్కకు ముడి వేస్తాను. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగినా దారం పట్టు వదలదు. మా గురువు నేర్పిన పద్ధతి అది. ఆయన పోయారు. నా దగ్గరి కుర్రాళ్లకు అంత ఓపిక లేదు.

మొన్న వేసవిలో ఓ పొద్దున, ఏడు కూడా కాలేదు. షట్టరు ఎత్తే ముందు టీ తాగుతున్నాను. వంద అడుగుల రోడ్డు మీద ఇసుక టిప్పరు ఒకటి వస్తోంది. లారీలు మాకు కొత్తా? అయినా ఆ బండి ఊపు చూసి గ్లాసు పక్కన పెట్టేశాను. పైన పట్టా లేదు. గుంత వచ్చిన చోటల్లా ఇసుక రోడ్డు మీద పోసుకుంటూ వస్తోంది. ఎడమ పక్కన ఓ పెద్దాయన సైకిలు హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని షెడ్డుకు పోతున్నాడు. టిప్పరు తొట్టి అంచు ఆయన భుజానికి తగిలింది. అంతే, కాలువ గట్టు మీద పడ్డాడు. క్యారేజీ మూత ఊడి అన్నం, పప్పు మట్టిపాలయ్యాయి. బండి ఆగలేదు.

"మనకెందుకు మేస్త్రీ, సాక్ష్యమని కోర్టుల చుట్టూ తిప్పుతారు" అన్నాడు టీ కొట్టతను.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. రోడ్డు మీద పడ్డవాణ్ని ఆదుకున్నవాళ్లను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఇది తెలియకే మనం చూస్తూ నిలబడిపోతున్నాం. పెద్దాయన్ను ఆటోలో పడుకోబెట్టి ఒక కుర్రాణ్ని తోడిచ్చి ఆసుపత్రికి పంపాను. వెంటనే 112కి ఫోన్ చేశాను. నంబరు ప్లేటుకు బురద, చివరి నాలుగంకెలే కనబడ్డాయి. తొట్టి వెనక గద్ద బొమ్మ, ఎడమ దీపం పగిలి ఉండటం, జాతీయ రహదారి ఎక్కి ఎనికేపాడు వైపు తిరగటం, అన్నీ చెప్పాను. పేరు చెప్పనక్కర్లేకపోయినా నా పేరూ, షాపు గుర్తులూ కూడా చెప్పాను. దాక్కోవడానికి నేనేం తప్పు చేశాను?

మధ్యాహ్నానికల్లా బండి దొరికింది. గుర్తు పట్టడానికి స్టేషనుకు రమ్మన్నారు. డ్రైవరు పట్టుమని పాతికేళ్లు లేని కుర్రాడు, బల్ల చివర కూర్చుని చేతులు పిసుక్కుంటున్నాడు.

"ట్రిప్పుకింత అని ఇస్తారు బాబాయ్. తిరక్కపోతే ఏమీ మిగలదు" అన్నాడు నన్ను చూసి.

"ఆ పెద్దాయన తుంటి విరిగింది. ఆయనకు ఎవరు మిగులుస్తార్రా?" అని అరిచాను. 184 సెక్షన్ పెట్టాల్సిందేనని ఎస్సై గారితో పట్టుబట్టాను. ప్రమాదకరంగా నడిపితే మొదటి తప్పుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు వేసే వీలుంది. వేయాలి. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఈలోగా బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. టిప్పర్లు 60 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలని 2015 నుంచీ రూలు. ఈ బండిని నడిపి చూస్తే ముల్లు 80 దాటిపోయిందట.

"మీరు వైరింగు మేస్త్రి అట కదా, ఇలా రండి" అని నన్ను పిలిచారు.

క్యాబిన్ ఎత్తి టార్చి వేశారు. గవర్నర్ డబ్బా ఉన్నచోటే ఉంది. సీలు కూడా చెక్కుచెదరలేదు. కానీ దాని గుండా వెళ్లాల్సిన వైర్లను పక్కనుంచి తప్పించి నేరుగా కలిపేశారు. పైనుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అడుగున చెయ్యి పెట్టి వైర్ల కట్టను వెలుగులోకి తిప్పితేగానీ ఆ జాయింటు కనపడదు.

"పనితనం తెలిసినవాడే చేశాడు" అన్నారాయన. "ఎవరు చేసి ఉంటారు మేస్త్రీ?"

టార్చి వెలుగులో నల్ల టేపు. దాని మీద తెల్లదారం. మూడు చుట్లు. పక్కకు ముడి.

"నేనే సార్" అన్నాను. "సంక్రాంతి ముందు చేశాను. పదిహేను వందలు తీసుకున్నాను."