కొసరు కొత్తిమీరకు కరెంటు బిల్లు

బండి దగ్గర కిలో వంకాయలు కొంటే, బండాయన అడక్కుండానే ఓ రెబ్బ కరివేపాకు, నాలుగు కొత్తిమీర కాడలు సంచిలో పడేస్తాడు. అలా కొసరుగా వచ్చే కొత్తిమీరను మట్టి లేకుండా నీళ్లలో పెంచడానికి ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ప్రత్యేకమైన అర, దీపం, గాలి పంపు, టైమరు, నీళ్ల పులుపు కొలిచే మీటరు అమరుతున్నాయి. పెళ్లికొడుక్కి కూడా ఇన్ని లాంఛనాలు జరగవు. అయినా ఈ ఇంటి సేద్యాన్ని నవ్వి తీసిపారేయడానికి వీల్లేదనే నా వాదన. కాకపోతే దాన్ని పొదుపు అని మాత్రం పిలవకూడదు.

ముందు లెక్క చూద్దాం. 40 వాట్ల ఎల్‌ఈడీ లైటు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు దాదాపు 17 యూనిట్లు కాలుతుంది. యూనిట్ 7 రూపాయలనుకుంటే 120 రూపాయలు. పరికరాల ఖరీదు ఇందులో కలపలేదు, ఈ వ్యాసం మీ ఇంట్లోవాళ్లు కూడా చదవచ్చు కాబట్టి. ఇంతకీ ఆ కరెంటు ఎక్కడిది? ఎక్కువ భాగం బొగ్గుదే. సింగరేణి బొగ్గంటే 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి, ఆనాటి ఎండ తాగి పెరిగి భూమిలో కలిసిపోయింది. దాన్ని తవ్వి, మండించి, ఆ వేడిలో మూడో వంతును కాస్త అటూ ఇటుగా కరెంటు చేసి, తీగల మీద ఊళ్లు దాటించి, మళ్లీ వెలుగుగా మార్చి కొత్తిమీర మీద పోస్తున్నాం. ఇవాళ్టి ఎండేమో కిటికీ బయట ఊరికే పోతోంది.

ఎండ ఉచితమే కదా, దీపం దేనికని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎండ ఉచితమే, ఎండ పడే చోటు కాదు. దాన్ని చదరపు అడుగుల్లో అమ్ముతున్నారు. ఎదురుగా ఇంకో టవర్ లేచాక తూర్పు ముఖం ఫ్లాటుకు మిగిలేది వాస్తు మాత్రమే. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్సులుంటే, ట్యూబులైటు వేసిన గదిలో రెండు మూడు వందలుంటే ఎక్కువ. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి గది దేదీప్యమానంగా ఉందనుకుంటాం. మొక్కకు ఆ మొహమాటం లేదు. మెడ సాచి, పాలిపోయి, నాలుగు రోజుల్లో పడుకుంటుంది.

మట్టి లేని పంటకు రుచేముంటుంది, అంతా మందులేగా అన్నది రెండో అభ్యంతరం. మొక్క వేళ్లు పేడను పేడగా తినవు. అది కుళ్లి, నీళ్లలో కరిగే లవణాలయ్యాకే తీసుకుంటాయి. 1860ల్లోనే జర్మనీలో జాక్స్, నాప్ అనే శాస్త్రవేత్తలు వట్టి లవణాల నీళ్లలో మొక్కలు పెంచి చూపించారు. 1930ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరిక్ నీటి తొట్లలో టమాటా తీగల్ని నిచ్చెనెక్కి కోసే ఎత్తుకు పెంచేసరికి జనం ఇక పొలాలెందుకన్నారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన హోగ్లండ్, ఆర్నన్ 1938లో ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లారు: మంచి నేల కూడా దాదాపు అంత పంటా ఇస్తుందని తేల్చారు. నీళ్లలో విషమూ లేదు, మహిమా లేదు.

పని కూడా బ్రహ్మవిద్య కాదు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి, చిల్లుల కప్పులో కొబ్బరిపొట్టు మీద వేస్తారు. కప్పు అడుగు ఎరువు నీళ్లకు తగిలీ తగలనట్టుంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ తెల్లటి వేళ్లు కిందికి దిగుతాయి, పై భాగం ఖాళీలో గాలి పీల్చుకుంటుంది. హవాయిలో క్రాట్కీ అనే శాస్త్రవేత్త ప్రచారం చేసిన ఈ పద్ధతికి పంపు కూడా అక్కర్లేదు. చిక్కంతా మన మే నెలతోనే. నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి వేళ్లు కుళ్లుతాయి, వేడికి కొత్తిమీర తొందరపడి పూతకొస్తుంది. అప్పుడిక ఆకుకు ఏసీ వేయాలి. ఆ నెల బిల్లు గురించి నేను మాట్లాడను.

లెక్క తిరగబడే చోట్లూ ఉన్నాయి. 2015 ఆగస్టులో వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో ఎల్‌ఈడీ కింద పెరిగిన లెట్యూస్ తిన్నారు. అక్కడికి బండి రాదు మరి. షికాగోలోనో టొరంటోలోనో ఉన్న తెలుగువారి సంగతీ అంతే. జనవరిలో బయట మంచు, లోపల కుండీలో కరివేపాకు. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు ఈ చెట్టు మీదా బతుకుతుందని, దాని రవాణాకు అమెరికాలో ఆంక్షలున్నాయి. అలాంటిచోట చలికాలమంతా దీపం పెట్టి దాన్ని కాపాడుకునేవాళ్లను ఖర్చు దండగ అనడానికి నాకు నోరు రాదు. ఇక్కడ కూరలోంచి ఏరి పారేసే ఆకే, అక్కడ లెక్కపెట్టి వేసుకుంటారు.

కాబట్టి ఎండ తగిలే బాల్కనీ ఉన్నవాళ్లు ఈ సరంజామా జోలికి పోకండి, మట్టి కుండీ చాలు. చీకటి గదులవాళ్లు పుదీనా, పాలకూర, కొత్తిమీర దగ్గర ఆగండి. టమాటా మీదికి ఆశ పోనివ్వకండి. ఆకు కన్నా కాయకు చాలా ఎక్కువ వెలుగు కావాలి, ఆ తేడా కరెంటు మీటరు చెబుతుంది. నీళ్ల పెట్టెకు మాత్రం తప్పకుండా నల్ల రంగు వేయండి. వెలుగు తగిలితే ఎరువు నీళ్లలో పాచి పడుతుంది, పాచి పచ్చడికి పనికిరాదు.