పాఠాంతరం మాస్టారు

మా తెనాలి వైపు ఊరికొక రచయిత ఇలాంటివాడు ఉంటాడు. పేరుకి కథకుడు. అచ్చయిన కథలకంటే తిరుగుటపాలో వచ్చినవే బీరువాలో ఎక్కువ. అసలు వ్యాపకం వేరే: పద్యాలు కంఠతా పట్టడం. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ భాగవతం అష్టమ స్కంధం, పాలప్యాకెట్ తెచ్చే దారిలో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం, సాయంత్రం వాకింగులో జాషువా. మా మాస్టారు సబ్బు నురగతోనే రాగం అందుకుంటారేమో, అద్దం నిండా తుంపర్లు. రోజూ అవి తుడిచే ఇల్లాలికి గజేంద్ర మోక్షం సగం వినికిడి మీదే వచ్చేసింది.

రాక ఏం చేస్తుంది! మన పద్యాన్ని కట్టిందే నోటి కోసం. ప్రాస నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరాన్ని మేకు కొట్టి నిలబెడుతుంది. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర యతి చెయ్యందిస్తుంది. పాదం మొదలు దొరికితే చాలు, తక్కింది దానంతటదే వస్తుంది. వచన కవిత అలా రాలేదు కాబట్టి అది కవిత్వమే కాదని మాస్టారు ఎప్పుడో తేల్చేశారు.

చిక్కల్లా మూడో పాదంతోనే. పెళ్లిలోనైనా, సన్మానంలోనైనా, ఆఖరికి ఎవరి సంవత్సరీకంలోనైనా సరే, “ఒక్క పద్యం, మాస్టారూ” అనిపించుకునేదాకా ఆయన విస్తరి ముందు కూర్చోరు. మొదటి రెండు పాదాలూ ఖంగుమంటాయి. మూడోది రాగానే కళ్లు మూసుకుంటారు. జనం భక్తి అనుకుంటారు. లోపల జరిగేది వెతుకులాట! రాగం సాగదీసినా మాట తట్టకపోతే సొంత మాట వేసేస్తారు. గణం తప్పదు, యతి తప్పదు, ప్రాస అసలే తప్పదు. పోతన పద్యం మధ్యలో ఆగిపోతే సాక్షాత్తూ ఆ రాముడే వచ్చి పూరించి వెళ్లాడని చెప్పుకుంటారు కదా. ప్రతి పెళ్లికీ రాముడెక్కడొస్తాడు?

ఈమధ్య పెళ్లివారి కుర్రాడొకడు ఫోను తీసి చూశాడు.

“తాతగారూ, ఇందులో ఇంకోలా ఉందండీ.”

“అది పాఠాంతరం, నాయనా. పాత మద్రాసు ప్రతి చూడు.”

“ఇది మద్రాసు ప్రతేనండీ, స్కాన్ చేసి పెట్టారు.”

“అయితే అచ్చుతప్పు.”

ఈ ధైర్యంలో పావలా వంతు కథ రాసేటప్పుడు ఉంటే ఎంత బాగుండేది! ఆయన కథలో ఆర్టీసీ కండక్టరు కూడా చిల్లర లేదన్న ముక్క పొడవాటి సమాసంలో చెబుతాడు. సంపాదకులు తిప్పి పంపారంటే పంపరూ?

మొన్న హైస్కూల్లో పద్యాల పోటీ పెట్టారు. మాస్టారి దగ్గర నేర్చుకున్న ఏడో తరగతి పిల్ల పోతన పద్యం పాడి మొదటి బహుమతి కొట్టేసింది. మూడో పాదం పోతనది కాదు. న్యాయనిర్ణేతలు తలలూపింది సరిగ్గా అక్కడే. పక్కన కూర్చున్న మాస్టారు నా మోకాలు చరిచి, “పోతన పోతనేనోయ్!” అన్నారు. ఒట్టు, ఆ ముఖంలో దొంగతనం ఛాయ కూడా లేదు.

ఇన్నేళ్లుగా ఆయన రాసినవన్నీ చదివినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: వాటిలో మేలైన రచన ఆ మూడో పాదమే.