జిల్లా ఎంపిక సంఘము వారికి ఒక విశ్రాంత బడిపంతులు విన్నపము

మహారాజరాజశ్రీ జిల్లా ఎంపిక సంఘము వారి దివ్యసముఖమునకు, సుద్దముక్కతోనే ఆయుర్దాయమును అరగదీసి ఇప్పుడు వీధి యరుగుమీద కాలక్షేపము చేయుచున్న ఒక బడిపంతులు అనేక నమస్కారములు చేసి వ్రాసికొను విన్నపములు.

ఇచట మేమందరము క్షేమము. తమ క్షేమసమాచారములను మా ఊరి పట్టభద్రులు ప్రతి యుదయము దినపత్రికలలో మొదటి పుటనుండి వెదకుచునే యున్నారు గనుక నేను ప్రత్యేకముగా విచారింపవలసిన పని లేదు.

తమరు నిర్మించిన మార్గమును నేను శ్రద్ధగా పరిశీలించితిని. ఇంటర్మీడియెట్ ముగిసిన పిమ్మట ప్రవేశపరీక్ష వ్రాసి రెండేండ్లు డీఎడ్ చదివియో, డిగ్రీ పిమ్మట ఎడ్‌సెట్ వ్రాసి, ఒకప్పుడు ఒక్క సంవత్సరమే యైయుండి 2015 నుండి రెండు సంవత్సరములైన బీఎడ్ ముగించియో, ఇక పిల్లలయెదుట నిలువవచ్చునని భ్రమించిన వానికి, 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి విధించిన టెట్ అను అర్హతపరీక్ష ఎదురై, 150 ప్రశ్నలకు 150 నిమిషములలో బదులిమ్మని యడుగును. ఏ రిజర్వేషనును లేనివాడు 90 మార్కులు తెచ్చుకొన్నచో ఉత్తీర్ణుడే. కాని ఆ మార్కులకు తమ తుది లెక్కలో నూటికి ఇరువది వంతుల విలువ కలదు గనుక, ఉత్తీర్ణుడైనవాడే మరల ఫీజు కట్టి అదే పరీక్షను మరల వ్రాయుచుండును. తక్కిన ఎనుబది వంతులకు తమ పేరనే జరుగు డీఎస్సీ పరీక్ష: 160 బిట్లు, బిట్టునకు అరమార్కు. ఆ అరమార్కుకొఱకు ‘కీ’ మీద అభ్యంతరములు, అభ్యంతరములమీద వ్యాజ్యములు, అవి ముగిసిన పిమ్మట పూటకొక ప్రశ్నపత్రము పెట్టిన పాపమునకు పరిహారముగా నార్మలైజేషను. అది జరుగునప్పటికి అభ్యర్థి మార్కులు అతనికే గుర్తుపట్టరాని రూపము దాల్చును.

ఈ పరీక్షలయందు పావ్‌లోవ్ పండితుని కుక్క తరచుగా దర్శనమిచ్చును. గంట మ్రోగగనే ఆహారము పెట్టుచు వచ్చినచో, కొంతకాలమునకు గంట విన్నంతమాత్రముననే దానికి నోరూరుననియు, గంట మ్రోగియు ఆహారము రాకుండుట పలుమారులైనచో ఆ ప్రతిస్పందన క్రమక్రమముగా నశించుననియు విద్యామనోవిజ్ఞాన గ్రంథములు చెప్పుచున్నవి. మొదటి భాగము సత్యమే. నోటిఫికేషన్ వచ్చుచున్నదన్న మాట చెవిని బడగనే మా కుర్రవాండ్రు పెట్టె సర్దుకొని కోచింగునకై అవనిగడ్డ బస్సెక్కుదురు. రెండవ భాగమే మన జిల్లాలలో నిలువలేదు. 2018 తరువాత ఆంధ్రప్రదేశమున సంవత్సరములకొలది నిశ్శబ్దముగా నున్న గంట 2024 ఫిబ్రవరిలో 6,100 కొలువులకని మ్రోగి, ఎన్నికలు వచ్చి, ప్రభుత్వము మారి, ఆ ప్రకటనయే రద్దయి, 2025 ఏప్రిలులో 16,347 కొలువులకని మరల మ్రోగినది. తెలంగాణమునను 2023లో 5,089 కొలువులకు వెలువడిన ప్రకటన పరీక్ష జరుగకయే మరుసటి యేట రద్దయి, 11,062 కొలువులతో క్రొత్తది వచ్చినది. ఇన్ని యుత్తగంటలు విన్నను అభ్యర్థుల యాశ యెండిపోలేదు. పావ్‌లోవు అవనిగడ్డకు వచ్చియున్నచో తన గ్రంథమును తిరుగవ్రాసికొనియుండును.

ఇంతకును నేను విన్నవింపదలచిన సంగతి వేరొకటి. మా వీధిలో నొక పిల్ల కలదు. నా యొద్దనే అక్షరములు దిద్దినది. డీఎడ్ ముగించి, టెట్ దాటి, ప్రకటన వచ్చులోపల ఇంట ఖాళీగా నుండనేల యని సమీపముననున్న యొక ప్రైవేటు పాఠశాలలో కుదురుకొనెను. జీతమును గూర్చి వ్రాయుట ఆమెకును నాకును గౌరవము కాదు. ఒక టీచరు రానినాడు రెండు తరగతులను ఒకే గదిలో గూర్చుండబెట్టి, ఒక వరుసకు ఎక్కము చెప్పుచు రెండవ వరుసచే చూచివ్రాత వ్రాయించుటను నేను కిటికీలోనుండి కన్నులార చూచితిని. ‘బ’కు ‘భ’కు భేదము తెలియని పిల్లవాని అరచేతిని వాని నోటికడ్డముగా నుంచి, ఊపిరి తగులుట తెలియునట్లు చేసి, ఒత్తక్షరమును నేర్పిన యుపాయము నాకు సర్వీసంతయు తోపలేదు సుడీ! ప్రకటన రాగానే ఆ పిల్ల ఆ కొలువు మానుకొనెను. ఏమమ్మా అని యడుగగా, “చదువుకోవాలి కదా మాస్టారూ, బహుతరగతి బోధన మీద బిట్లు ఎక్కువ వస్తున్నాయి” అనెను. ఉపాధ్యాయురాలు కావలెనన్న కోరికతో ఉపాధ్యాయత్వమును విడిచి, తాను నిత్యము చేయుచుండిన పనికి నిర్వచనములను బట్టీ పట్టుటకై హాస్టలు గదికి పోయినది. ప్రవేశపరీక్ష మొదలు మెరిట్ లిస్టు వరకు ఈ సుదీర్ఘమార్గమున ఆమె పాఠము చెప్పుచుండగా మీ పక్షమున చూచిన కన్ను ఒక్కటియు లేదు. మీ కొలతలో ఆ కిటికీకి అరమార్కు కూడ లేదు.

గురువునకు ముఖ్యలక్షణము సహనము గనుక దానిని తాము మరియొక విధమున పరీక్షించుచున్నారని కొందరు తమ పక్షమున వాదింపవచ్చును. అట్లయినచో 1998 డీఎస్సీ అభ్యర్థులకంటె సుశిక్షితులు భూమండలమున లేరు. అర్హత సాధించియు వివాదములలో చిక్కుకొనిపోయిన వారికి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కొలువులీయ నిశ్చయించినది 2022లో. అదియును మినిమం టైమ్ స్కేలు మీద, కాంట్రాక్టు పద్ధతిని. నల్లని జుట్టుతో పరీక్ష వ్రాసినవారు, తోటివారు విరమణ సన్మానములకు శాలువలు ఎంచుకొనుచున్న వయస్సున, హాజరుపట్టీలో తొలి సంతకము చేసిరి.

కావున ప్రభువులవారు దయచేసి, సామాన్యజ్ఞానమునకు కేటాయించిన మార్కులలోనుండి నాలుగింటిని తగ్గించి, ప్రతి అభ్యర్థిని పది నిమిషములపాటు ఒకటవ తరగతి పిల్లలయెదుట నిలువబెట్టి చూడవలెనని ప్రార్థించుచున్నాను. లక్షల మందిని అట్లు చూచుట యెట్లని తమ కార్యాలయము వారు వెంటనే ఆక్షేపింతురు. మెరిట్ లిస్టు అంచునకు వచ్చినవారినైనను చూడుడు, అదియే పదివేలు. సిఫారసులు బయలుదేరునందురు, నిజమే, బయలుదేరును. అందుచేతనే మార్కులు నాలుగే అడిగితిని. తమ ఉత్తరువు వెలువడిన నెలలోపల కోచింగు కేంద్రములవారు ఊరి పిల్లలను పోగుచేసి, రోజుకొక అభ్యర్థిచేత వారికి పాఠములు చెప్పించి అభ్యాసము చేయింతురనియు నేనెరుగుదును. చేయింపనిండు. ఆ పిల్లలకైనను ఒత్తక్షరములు వచ్చును.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత బడిపంతులు