చీకటి వారం, కంచు గుర్రం

సూర్యుడస్తమించని సామ్రాజ్యానికి చీకటి చూపించాలంటే ముగ్గురు బ్రిటిష్ జనరళ్లు చాలునని 1899 డిసెంబరులో దక్షిణాఫ్రికా రణరంగం నిరూపించింది. ప్రధానంగా డచ్చి సంతతి రైతులైన బోయర్ల చేతిలో 10న స్టార్మ్‌బర్గ్ వద్ద గాటకర్, 11న మాగర్స్‌ఫాంటైన్ వద్ద మెథ్యూయెన్, 15న కొలెన్సో వద్ద సర్వసేనాని రెడ్వర్స్ బుల్లర్ క్రమం తప్పకుండా ఓడిపోగా, ఆ రోజులకు ‘బ్లాక్ వీక్’, అనగా చీకటి వారం, అన్న పేరు స్థిరపడింది. కొలెన్సోలో పది ఫిరంగులను శత్రువుకు సమర్పించుకున్న బుల్లర్ అంతటితో తృప్తిచెందక, ముట్టడిలో చిక్కిన లేడీస్మిత్ సేనాపతి వైట్‌కు లొంగుబాటు మార్గాన్ని సైతం సూచించాడు. వైట్ ఆ హితోపదేశాన్ని పెడచెవిన పెట్టినందువల్లనే, 1900 ఫిబ్రవరిలో, నాలుగో ప్రయత్నంలో, ఆ పట్టణాన్ని విడిపించిన కీర్తి బుల్లర్‌కే దక్కింది. 1905లో ఎక్సెటర్ నగరంలో, ఆయన జీవించి ఉండగానే, అశ్వారూఢుడైన ఆయన విగ్రహం వెలిసింది. పొరపాటు సేనానిదైనప్పుడు సైనికుడికి సమాధి, సేనానికి పీఠం కట్టించడమే సామ్రాజ్య న్యాయం కాబోలు!