పది దాటితే కిందికి దిగనివ్వకండి

మహారాజశ్రీ గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్కు సూపరింటెండెంటు గారి దివ్య సముఖానికి,

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవు మొదలు జూన్ పొడుగునా తమ పార్కు గేటు ముందు బారులు తీరే బండ్లలో మావాళ్లవీ కొన్ని ఉంటాయి. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బడి సెలవుల్లో ఉన్న పిల్లలు, వెనక సీటు కింద పులిహోర డబ్బా, జంతికల సంచి. చూస్తేనే తెలిసిపోతుంది. గేటు రుసుము పుచ్చుకుని లోపలికి పంపిస్తున్నారు, బాగుంది. ఆ పైన చేతి గడియారం కూడా ఒకసారి చూడవలసిందని ఈ అర్జీ. జూన్ నుంచి ఆగస్టు దాకా, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు, బ్రైట్ ఏంజెల్, సౌత్ కైబాబ్ బాటల్లో కొత్తగా ఎవర్నీ కిందికి దిగనివ్వకండి. పైకి వచ్చేవాళ్లకు మాత్రం దారి రాత్రింబవళ్లు తెరిచే ఉంచండి. ఆ వేళల్లో లోయలో నడవొద్దని చెబుతున్నది తమ రేంజర్లే కాబట్టి మేం కొత్తగా కోరుతున్నదేమీ లేదు. తమ సలహాకే ఒక తాళం కప్ప తగిలించమంటున్నాం.

సలహా చాలదా అంటారేమో. చాలదు, ఎందుకంటే ఆ సలహా వినే చోట ఒళ్లు దాన్ని నమ్మదు. ఈ బాటలు మొదలయ్యే దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్, సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. జూన్‌లో అక్కడ పగటి గరిష్ఠం సగటున 27 డిగ్రీలు. హార్స్‌లీ హిల్స్‌లో బంగళా ఉన్నవాడికి కూడా ఈర్ష్య పుట్టే వాతావరణం. అదే పూట, 4,500 అడుగుల కింద కొలరాడో నది ఒడ్డున సగటు 38. వేడి ముదిరిన రోజుల్లో 45 దాటిన సందర్భాలకూ కొదవ లేదు. దిగే ప్రతి వెయ్యి అడుగులకూ గాలి ఒత్తిడికి లోనై ఇంచుమించు మూడు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పైగా అట్టడుగున ఉన్నవి నల్లటి రాళ్లు, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటి విష్ణు శిలలు. పగలంతా మింగిన ఎండను రాత్రి కక్కుతాయి. (ఇక్కడికి విష్ణువు ఎలా వచ్చాడంటే, 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ లోయలోని శిఖరాలకు విష్ణు ఆలయం, శివాలయం అని పేర్లు పెట్టి వెళ్లాడు. మా పెద్దవాళ్లు అంచున నిలబడి దండం పెట్టుకోవడానికి అదొక వీలు.) తిరుమల మెట్లెక్కేవాడిని అలసట ముందే హెచ్చరిస్తుంది, మోకాళ్ల పర్వతం దగ్గర చతికిలబడితే వెనక్కి దిగిరావచ్చు. ఇక్కడ వరస తిరగబడింది. దిగేటప్పుడు అంతా సుఖమే. ఎక్కడం మొదలయ్యేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది, సీసాలో నీళ్లు సగానికి వస్తాయి. ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం పడుతుందన్న లెక్క అప్పుడు గుర్తొస్తుంది.

అంచున నిలబడిన మనిషి అంచనా తప్పడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1540లో హోపీ జాతివారు దారి చూపగా ఈ అంచుకు చేరిన స్పానిష్ దళపతి కార్దెనాస్ మనుషులు, కింద నది ఆరడుగుల వెడల్పుంటుందనుకున్నారు. మూడు రోజులు దారి వెతికాక, వాళ్లలో చురుకైన ముగ్గురు దిగడానికి పూనుకున్నారు. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చి, మూడో వంతు మాత్రమే దిగగలిగామని చెప్పారు. పైనుంచి నిలువెత్తు మనిషంత కనిపించిన బండలు తీరా చూస్తే సెవిల్ నగరపు గోపురం కన్నా పెద్దవని వాళ్ల వాంగ్మూలం. ఆ ముగ్గురూ కొండా కోనా తెలిసిన సైనికులు. వాళ్ల కళ్లనే మోసం చేసిన లోయ, కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసుకునేవాడి కళ్లను వదిలిపెడుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. బాట మొదట్లో తమరు పెట్టిన బోర్డుల భాషలో లోపమేమీ లేదు. ఒకే రోజులో నదిదాకా వెళ్లి రావొద్దని స్పష్టంగానే రాశారు. నీళ్లెన్ని తెచ్చుకున్నారు, ఎంతవరకు వెళ్తారు అని అడగడానికి మనుషుల్నీ నిలబెడుతున్నారు. కానీ 27 డిగ్రీల గాలిలో నిలబడి 40 డిగ్రీల హెచ్చరిక చదవడం, కడుపునిండా తిన్నవాడికి ఆకలి గురించి చెప్పడమే.

అయినా జూన్ యాత్రను చెడగొట్టేది చాలావరకు లాస్ వేగాస్. అక్కడి నుంచి సౌత్ రిమ్‌కు సుమారు 280 మైళ్లు, ఎక్కడా ఆగకపోతే నాలుగున్నర గంటలు. ఆగకుండా ఉండటం మా ఇళ్లలో జరగదు. హోటల్లో టిఫిన్, కింగ్‌మన్‌లో కాఫీ, విలియమ్స్ దగ్గర పెట్రోలు, గేటు దగ్గర వరస, ఆపైన బండి పెట్టుకోవడానికి చోటు. ఏడింటికి బయల్దేరినవాళ్లు ఒంటిగంటకు అంచు మీద ఉంటారు. జూన్‌లో అక్కడ సూర్యుడు ఐదూ పదికల్లా వచ్చేస్తాడు. నీడలు పొడుగ్గా పడి లోయ లోతు తెలిసే వేళ, చల్లగా నడవగలిగే ఐదు గంటల వేళ, మొత్తం హోటల్లోనూ, హైవే మీద కారు అద్దంలోంచీ గడిచిపోయింది. మిగిలింది ఎర్రటి ఎండ. ఇంత దూరం వచ్చాం కదా, కొంచెం దిగి చూద్దాం అనిపించేది అప్పుడే. ఆ "కొంచెం" అనే మాటకు కేన్యన్‌లో కొలత లేదు. సౌత్ కైబాబ్ బాటలో మొదటి మజిలీ మైలు కూడా లేదు, కానీ దారిలో చుక్క నీళ్లు దొరకవు. బ్రైట్ ఏంజెల్ మీద మైలున్నరకు ఒక విశ్రాంతి గది, మూడు మైళ్లకు ఇంకొకటి ఉన్నాయి, వేసవిలో కుళాయిలూ ఉంటాయి. అవి నమ్ముకున్నది మాత్రం 1960ల్లో వేసిన పన్నెండున్నర మైళ్ల పైపును. 2010 తర్వాత అది 85 సార్లకు పైగా పగిలింది. 2024 ఆగస్టులో అది పగిలితే సౌత్ రిమ్ మీద రాత్రి బసలే ఆపేయవలసి వచ్చింది. కొత్త పైపు పని నడుస్తోందని తెలుసు. పని పూర్తయ్యేదాకా మా ప్రాణం ఆ పాత గొట్టం దయ.

ఈ అర్జీకి మొదటి అభ్యంతరం తమ దగ్గర నుంచి రాదు, మావాళ్ల దగ్గరి నుంచే వస్తుంది. "ఎండ మాకు కొత్తా? రెంటచింతల ఎండలు చూశాం, రామగుండం చూశాం" అంటారు. చూశారు, కాదనను. కానీ రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎవరైనా కొండెక్కుతారా? పొలం పని తెల్లవారుజామునే మొదలై పొద్దెక్కేసరికి ముగుస్తుంది. ఉపాధి హామీ కూలీలు చీకటితో గునపం పట్టుకుంటారు. ఒంటిగంటకు ఊళ్లో కుక్క కూడా అరుగు కింద నుంచి లేవదు. ఎండతో కాపురం చేసినవాళ్లు నేర్చుకున్నది వేళ పాటించడం. కేన్యన్‌కొచ్చి ఆ తెలివిని కార్లోనే వదిలేసి, దాన్నే ధైర్యంగా చెప్పుకోవడం విడ్డూరం. ఇంకో తేడా ఉంది. కోస్తా ఉక్కలో చొక్కా తడిసి ముద్దవుతుంది, ఒంట్లోంచి నీరు పోతోందని తెలుస్తుంది. అరిజోనాలో వర్షాలకు ముందు మే, జూన్ నెలలంత పొడి కాలం లేదు. చెమట పుట్టగానే ఆవిరైపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు తప్ప ఆనవాలుండదు. అది చూసి భయపడి గటగటా నీళ్లు మాత్రమే తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తలతిప్పు మొదలవుతాయి. నీళ్లతో పాటు ఉప్పటివి తినండి అని రేంజర్లు చెప్పేది అందుకే. ఆ విషయంలో మాత్రం మావాళ్లు సిద్ధంగానే వస్తారు, కాకపోతే జంతికల సంచి కార్లో ఉంటుంది, మనిషి లోయలో ఉంటాడు.

రెండో అభ్యంతరం తమ దేశపు పెద్ద మనుషులది. పెద్దవాళ్లయిన పౌరుల కాలికి ప్రభుత్వం అడ్డం పడకూడదు, అడవిలో ప్రమాదం కూడా స్వేచ్ఛలో భాగమే అంటారు. ఇది తేలిగ్గా తోసెయ్యదగ్గ మాట కాదు. ప్రతి బండకూ రెయిలింగు కడితే అది పార్కు అనిపించుకోదు. అయితే ఆ స్వేచ్ఛకు మూల్యం ఒక్కడే చెల్లిస్తే వేరు సంగతి. పడిపోయిన మనిషి కోసం రేంజరు అదే ఎండలో దిగాలి. వేడికి పలచబడిన గాలిలో హెలికాప్టరు సత్తువ తగ్గుతుంది. ఇక ఇలాంటి ఆంక్ష తమ శాఖలో చెల్లదన్న మాట నిలవదు. ఇదే కొలరాడో మీద, హూవర్ డ్యామ్ చుట్టూ ఉన్న లేక్ మీడ్ కూడా నేషనల్ పార్క్ సర్వీసుదే. అక్కడ గోల్డ్‌స్ట్రైక్ కేన్యన్, అరిజోనా హాట్ స్ప్రింగ్స్ బాటల్ని మే మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా పూర్తిగా మూసేస్తున్నారు. ఫీనిక్స్ నగరమైతే 2021 నుంచి తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కేమెల్‌బ్యాక్ కొండ దారిని పగటిపూట మూస్తోంది. స్వేచ్ఛ అక్కడేమీ చచ్చిపోలేదు, పొద్దున్నే లేచి నడుస్తోంది. మేం అడిగేది అంతకన్నా తక్కువ. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుగెత్తే గట్టివాళ్లు ఎలాగూ చీకటితోనే బయల్దేరతారు. లోయ అడుగున ఫాంటమ్ రాంచ్‌లో రాత్రి బస ముందే ఖరారైనవాళ్లనూ విడిచిపెట్టవచ్చు. ఈ తాళం తగిలేది ఆలస్యంగా వచ్చినవాడికే.

అమలు ఎలాగంటారా, సౌత్ కైబాబ్ మొదలుకు సొంత బండ్లను ఏడాది పొడుగునా తమరే రానివ్వడం లేదు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. ఆ బస్సును పది దాటాక అక్కడ దింపడానికి ఆపకుండా, పైకొచ్చినవాళ్లను ఎక్కించుకోవడానికి మాత్రం ఆపండి, సగం పని అయిపోయినట్టే. పక్క దారిన నడిచి వెళ్లే మొండివాళ్లు కొందరుంటారు. ఉండనివ్వండి, చట్టం మొండివాడి కోసం కాదు, తెలియనివాడి కోసం. ఆ ఆరు గంటలు జనం ఏం చేస్తారన్న దిగులు అక్కర్లేదు. అంచు వెంబడి తమరు 2010లో పరిచిన కాలపు బాట ఉంది, ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్లు. పెద్దవాళ్లకు యావపాయ్ మ్యూజియంలో కుర్చీ, పిల్లలకు నీడ. మధ్యాహ్నం కునుకు మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నాలుగు తర్వాత డెజర్ట్ వ్యూ దగ్గర ఆర్కిటెక్టు మేరీ కోల్టర్ 1932లో కట్టించిన బురుజు పక్కన నిలబడితే సాయంత్రపు ఎరుపు మొత్తం అక్కడే దిగుతుంది. గాజు వంతెన చూడాలని పట్టుబట్టేవాళ్లకు మాత్రం అది తమ పార్కులో లేదనీ, వెస్ట్ రిమ్‌లో హులపాయ్ జాతివారి నేల మీద ఉందనీ గేటు దగ్గరే ఒక బోర్డు పెట్టి చెబితే మా ఇళ్లలో చాలా గొడవలు తప్పుతాయి.

తగు ఉత్తర్వులు దయచేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ అర్జీదారు

నకలు: ఎక్సెల్ షీటులో టూరు ప్లాను వేసే బావగారికి. అందులో "వేగాస్, పొద్దున 7" అన్న వరుస కొట్టేసి, ముందు రోజు రాత్రి బస విలియమ్స్‌లోనో టుసాయన్‌లోనో రాసుకోవాలి. అలారం నాలుగింటికి.