గది దిద్దుబాటు

హోమ్ థియేటర్ ప్రాసెసర్ కొనడానికి పూనుకున్న గృహస్థుడు నాలుగు వారాలపాటు ధరల పట్టికలను పారాయణం చేసిన మీదట గ్రహించేదేమిటంటే, ఆ పెట్టె ముఖ్యంగా అతని ఇంటికి వంకలు పెట్టడానికే తయారైందని. వచ్చిన ధ్వనిని విడదీసి ఏ స్పీకరుకు ఎంత అందాలో నిర్ణయించేది ప్రాసెసర్. స్పీకరును మోగించే సత్తువ దానికి లేదు గనుక ఆంప్లిఫయర్‌ను విడిగా తెచ్చేదాకా అది మౌనవ్రతంలోనే ఉంటుంది.

గది ధ్వనికి చేసే చెరుపును మైకుతో కొలిచి విరుగుడు లెక్కగట్టే సాఫ్ట్‌వేరును రూమ్ కరెక్షన్ అంటారు. స్వీడన్ నుంచి డిరాక్, అమెరికా నుంచి ఆడిస్సీ, ఫ్రాన్సు నుంచి ట్రిన్నోవ్ వచ్చాయి. వీటి అభిమానుల వాదాలు విన్నవారికి శైవ వైష్ణవ వివాదాలు ఎంతో మర్యాదగా సాగినట్టు తోస్తుంది. పైగా కొన్ని పెట్టెలలో పూర్తి దిద్దుబాటుకు ఒక లైసెన్సు, రెండు సబ్‌వూఫర్లను కలిపి దిద్దడానికి మరొక లైసెన్సు కొనాలి. ఇది భోజనానికి పిలిచి విస్తరికీ నెయ్యికీ వేరువేరుగా వసూలు చేసే పద్ధతి.

కొలతకు నిశ్శబ్దం కావాలి. హైదరాబాదు అపార్టుమెంటులో నిశ్శబ్దమనే పదార్థం ఎప్పుడు, ఎంత పరిమాణంలో లభిస్తుందన్నది ప్రత్యేక పరిశోధనకు తగిన విషయం. ఫ్యాను ఆపవచ్చు, ఏసీ ఆపవచ్చు, చెమటలు కక్కుతూ ఊపిరి బిగబట్టవచ్చు. కానీ కుక్కరుకు ఇంకా రెండు విజిల్స్ బాకీ ఉంటాయి, తలుపు సరిగా వేయని లిఫ్టు పాట పాడుతూనే ఉంటుంది, పై అంతస్తులో ఎవరో నిత్యకృత్యంగా కుర్చీ ఈడుస్తారు. అన్నీ సద్దుమణిగి, గుమ్మనే మంద్రం నుంచి ఈల దాకా సాగే పరీక్ష ధ్వని మొదలైన క్షణాన వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో ప్రవేశిస్తుంది. దాని మైకుకు ఏ దిద్దుబాటూ లేకున్నా ప్రతి అక్షరం మూడో అంతస్తు దాకా స్పష్టంగా వినిపిస్తుంది. చుట్టూ చప్పుడు ఎక్కువగా ఉంది, మళ్లీ మొదలుపెట్టమని తెర ఆదేశిస్తుంది. వంటింట్లోంచి "ఏమండీ, ఇప్పుడైనా మిక్సీ వేసుకోవచ్చా?" అన్న ప్రశ్న వస్తుంది. కొన్ని పెట్టెలతోపాటు మైకు నిలపడానికి అట్టముక్కలతో పేర్చుకునే స్తంభం ఇస్తారు; లక్షల రూపాయల వ్యవస్థ యావత్తూ అప్పటికి ఆ అట్ట మీదే ఆధారపడి ఉంటుంది, ఆ అట్ట సోఫా దిండు మీద ఊగుతూ ఉంటుంది.

ఇంతా చేసి, సాఫ్ట్‌వేరుకు లొంగనిది ఒకటుంది. పన్నెండడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం, అంటే ముందుకు సాగక అక్కడికక్కడే ఊగే అల, ఏర్పడుతుంది. ఆ స్వరం గోడ పక్కన ఉబ్బి, నడిమధ్య సోఫాలోని యజమాని దగ్గర దాదాపు మాయమవుతుంది. ఉబ్బును సాఫ్ట్‌వేరు అణచగలదు గాని, మాయమైన చోట శక్తిని పెంచడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఈ సంగతి కరపత్రంలో చెప్పి ఉంటే కొంత డబ్బయినా మిగిలేది.

ఆడిస్సీ వంటివి ఎనిమిది చోట్ల దాకా కొలవమంటాయి, ఇంటిల్లిపాదీ కూర్చుంటారన్న నమ్మకంతో కాబోలు. తీరా సినిమా మొదలయ్యాక ఆ చోట్లలో ఒక్కటే నిండుతుంది. పిల్లలు తమ గదుల్లో చెవులకు ఇయర్‌బడ్స్ తగిలించుకుని అదే సినిమాను ఫోనులో చూస్తుంటారు. ఒకప్పటి నేల టికెట్టు హాలులో స్పీకరు బొంగురుగానే ఉండేది, ఫ్యాన్లు రొదపెట్టేవి, అయినా పక్కవారి నవ్వు మాత్రం బాగా వినిపించేది.

కొనుగోలు ప్రయత్నంలో ఉన్న పాఠకులు ముందుగా టైల్స్ నేల మీద మందపాటి తివాచీ పరిచి, సోఫాను గది నడిమధ్య నుంచి రెండడుగులు వెనక్కి జరిపి వినిచూడాలని మనవి. జరపడానికి లైసెన్సు అక్కరలేదు.