డబ్బాలో వచ్చిన సముద్రం

అనంతపురానికి సముద్రం వచ్చేసింది. హంద్రీ-నీవా నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన జిల్లాకు ఇంత సులువుగా సముద్రమే దొరుకుతుందని ఎవరనుకున్నారు? సూపర్ మార్కెట్లో నూడుల్స్ పక్క అరలో, గుండ్రటి డబ్బాలో, ట్యూనా పేరుతో కూర్చుంది. ఏ దిక్కుకు పోయినా తీరం వందల కిలోమీటర్లు, ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అయినా మా డైటు భక్తులకు బొచ్చె చేప నాటు సరుకు, డబ్బా చేప దివ్యౌషధం. ఆ ట్యూనా మన విశాఖ వలల్లోనూ పడుతుందని చెప్పకండి, మోజు పోతుంది.

2017-18 ప్రాంతంలో అన్నం మాని కొవ్వు తినమన్న వీరమాచనేని రామకృష్ణ ఉపన్యాసాలతో తెలుగునాట అన్నానికి గ్రహణం పట్టింది. చెనిక్కాయ గానుగల సీమలో కొబ్బరినూనె కొలుచుకుని తాగినవాళ్లున్నారు. డాక్టర్లు వద్దు మొర్రో అన్నా వినేదెవరు? ఆ ఊపు తగ్గింది గానీ అన్నం మీద పగ మాత్రం మిగిలింది.

ఇక వంట చూడాలి. కాలీఫ్లవర్ తురిమి, బాణలిలో నీళ్లు ఇంకేదాకా వేయించి, దానికి 'రైస్' అని నామకరణం చేస్తారు. డబ్బా రింగు లాగి, నూనె సింకులోకి వంచేస్తారు. కొవ్వు తినమన్న డైటులో కొవ్వు పారబోయడం మనకే చెల్లింది. పొడిపొడిగా రాలిన చేపలో ఉల్లి, పచ్చిమిరప, నిమ్మరసం కలిపి ముందు ఫోటో, తర్వాత ముద్ద. ఇంత నిష్ఠాపరుడూ తెల్లారితే ఉగ్గాని బజ్జీ బండి దగ్గర రెండో ప్లేటు అడుగుతాడు. ఉగ్గానిలోని బొరుగులు బియ్యంతో కాదు, గాలితో చేస్తారని ఆయన నమ్మకం.

అయినా అన్నం లేని పస్తు ఈ నేలకు కొత్తా? 1952 కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన సీమ ఇది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. గడ్డపార పట్టేవాడి సద్దిలోంచి సంగటి తీసేసి ఏం పెడతారు, కాలీఫ్లవరా? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్రన్నం తినేవాణ్ణి పేదవాడన్నాం. ఇప్పుడు వరన్నం తినేవాణ్ణి అజ్ఞాని అంటున్నాం.

చేపను తిట్టడం లేదు. అందులో పిండిపదార్థం దాదాపు సున్నా. అన్నం తగ్గిస్తే కొందరికి షుగరు అదుపులోకి వస్తుంది కూడా. పిండి లేని ఆ గుణం చేపది, డబ్బాది కాదు. పీఏబీఆర్‌ జలాశయంలో పట్టిన బొచ్చెకూ అదే గుణం. వంద గ్రాముల ట్యూనాలో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లోనూ అంతే. పాపం, చెనిక్కాయకు లాగడానికి రింగు లేదు.

షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానకండి, షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. మిగతావాళ్లు ఆదివారం చేపల మార్కెట్టుకు పోయి బొచ్చె తెచ్చుకుని పులుసు పెట్టుకోండి. సంగటి ముద్ద మాత్రం కాస్త చిన్నది పెట్టించుకోండి.